పంచపానీయం — కృష్ణా ముఖద్వారపు కథ

పెద్ద పట్టణాల హోటళ్లలో, విందులలో కాక్‌టెయిల్ అనే మాట ఇప్పుడు తరచు వినబడుతున్నది. రెండు మూడు రకాల మద్యాలను, పండ్లరసాలను, చక్కెరను, సుగంధద్రవ్యాలను కలిపి తయారుచేసే పానీయానికి అది పేరు. దానిని ఇంటిలోనే కలుపుకొనే విధానాలను చెప్పే పుస్తకాలు కూడ అనేకం వెలువడినవి. ఇది పూర్తిగా పాశ్చాత్యుల వ్యసనమనీ, మన దేశానికి దీనితో సంబంధం లేదనీ చాలమంది అభిప్రాయం. కాని చరిత్రను కొంచెం వెనుకకు త్రిప్పి చూస్తే, ఈ కలగలుపు పానీయాలన్నిటికి పితామహి అనదగిన పంచ్ అనే పానీయం పేరు మొట్టమొదట వ్రాతకెక్కినది మన కృష్ణా ముఖద్వారానికి చేరువలో ఉన్న ఒక రేవుకు వచ్చిన ఉత్తరంలోనే అని తెలుస్తుంది. ఆ పానీయం పుట్టుక, అది ప్రపంచమంతట తిరిగిన దారి, దానిలో మన ఇండ్ల వంటగదికి గల పాలు, దానికోసం మన పల్లెలు చెల్లించిన మూల్యం — ఈ నాలుగు విషయాలను ఈ ప్రసంగంలో శ్రోతలకు మనవి చేయదలచాము.

ముందుగా ఆ తీరాన్ని ఒకసారి స్మరించుకొందాము. నేడు బందరు పట్టణంలో కలిసిపోయిన చిలకలపూడి, 1929లో వెలసిన పాండురంగని ఆలయానికీ, రోల్డుగోల్డు నగలకూ పేరుపడినది. చిలకలపూడి దాటి తూర్పుగా పోతే మంగినపూడి సముద్రతీరం. దక్షిణాన దివిసీమ. దివిసీమకు ఆవల, కృష్ణ సముద్రంలో కలిసే పాయలను దాటి పడమరగా పోతే నిజాంపట్నం. ఈ నిజాంపట్నానికే పూర్వం పెద్దపల్లి అని పేరు. పరదేశి వర్తకులు తమ నోటికి వచ్చినట్లు దానిని పెటపోలి అని పిలిచారు. పదునేడవ శతాబ్దిలో ఈ రెండు రేవులూ, అనగా బందరు, పెద్దపల్లి, గోల్కొండ సుల్తానుల రాజ్యానికి సముద్రద్వారాలు.

1605లో డచ్చివారు బందరుకు వచ్చారు. వారికి కావలసినది మన అద్దకపు వస్త్రాలు. జావా, మొలక్కస్ దీవులలో జాజికాయ, జాపత్రి, లవంగం కొనాలంటే అక్కడి ప్రజలు వెండి కంటె మన కలంకారీ బట్టను ఎక్కువ ఆదరించేవారు. అందుచేత బట్ట ఇక్కడ కొని అక్కడ ఇచ్చి, సుగంధద్రవ్యాలు తీసుకొని ఐరోపాకు పోవడం వారి వ్యాపారపద్ధతి. ఇంగ్లీషువారు వీరి వెనుకనే వచ్చారు. హిప్పన్ అనే నావికుని నాయకత్వంలో గ్లోబు అనే ఓడ 1611 ఆగస్టులో ముందు పెద్దపల్లిని, పిమ్మట బందరును చేరినది. రెండుచోట్ల వర్తకశాలలు ఏర్పడ్డవి. కొద్దిమంది తెల్లదొరలు, వారికి దుబాసీలు, సేవకులు, వంటవారు, కావలివారు. ఇంటినుండి ఉత్తరం రావాలంటే ఏడాది పట్టే దూరంలో, ఉక్కబోతలో, చవుడునేలల మధ్య వారి జీవితం సాగినది.

ఇక ఆ ఉత్తరం విషయం. 1632 సెప్టెంబరు 28వ తేదీన రాబర్ట్ ఆడమ్స్ అనే ఇంగ్లీషువాడు పెద్దపల్లిలో వర్తకుడుగా ఉన్న థామస్ కోలీ అనే మిత్రునికి ఒక జాబు వ్రాశాడు. నీకు మంచి సహవాసం దొరికినందుకు సంతోషమనీ, మీరంతా కలిసి ఇంటిని చక్కగా నడుపుకొంటూ, కొలత చూచుకోకుండ పంచ్ త్రాగుతూ ఉంటారని ఆశిస్తున్నాననీ దానిలోని భావం. పంచ్ అనే పేరు పానీయమనే అర్థంలో కనబడే వ్రాతలలో ఇంతవరకు చరిత్రకారులు గుర్తించినవాటిలో ఇదే మొదటిది. ఇక్కడ గమనించదగిన విశేషం ఒకటి ఉన్నది. ఆ ఉత్తరంలో పంచ్ అంటే ఏమిటో వివరణ లేదు. వ్రాసినవాడికీ, చదువుకొనేవాడికీ ఆ మాట అప్పటికే బాగా పరిచితం. కనుక ఆ పానీయం ఆ ఉత్తరం కంటె పెద్దదే కావాలి.

మరొక విశేషం కాలానికి సంబంధించినది. 1630లో ప్రారంభమైన మహాక్షామం గుజరాతును నాశనం చేసి గోల్కొండ తీరాన్ని కూడ తాకినది. నేతగాండ్రూ, బట్టలు చలువచేసే చాకళ్లూ చాలవరకు మరణించినారని, సరకు దొరకడం లేదని ఆ సంవత్సరాలలో ఇక్కడినుండి వెళ్లిన కంపెనీ ఉత్తరాలు చెప్పుతున్నవి. అట్టి కరువు చాయలు ఇంకా వదలని తీరంలోనే, వర్తకశాల గోడలలోపల, కొలత లేకుండ పానీయం సేవించే ముచ్చట సాగినది. చరిత్రలో ఒకే సంవత్సరం రెండు ఇండ్లలో రెండు విధాలుగా గడుస్తుంది. ఒక ఇంటి మాట కాగితంమీద నిలిచినది. రెండవ ఇంటివారికి కాగితం లేదు.

ఆ కోలీ కథ కూడ ఎక్కువకాలం సాగలేదు. 1633 మార్చిలో రాల్ఫ్ కార్ట్‌రైట్ అనే వర్తకుని నాయకత్వంలో కొద్దిమంది ఇంగ్లీషువారు బందరునుండి చిన్న నావలో బయలుదేరి ఒరిస్సా తీరానికి పోయి, కటకంలోని మొగలాయి అధికారిని దర్శించి వర్తకానికి అనుమతి సంపాదించారు. వంగదేశంలో ఇంగ్లీషువారి వ్యాపారానికి అది నాంది. ఆ బృందంలో కోలీ ఒకడు. ఆ యేడాదే హరిహరపురంలో జ్వరం తగిలి అతడు మరణించాడు. మిత్రుడు వ్రాసిన జాబు మాత్రం కంపెనీ కాగితాలలో మిగిలి, అతని పేరును పానీయాల చరిత్రలో శాశ్వతం చేసినది.

పంచ్ అనే పానీయంలో ప్రధానంగా ఐదు వస్తువులు ఉంటవి. సారా, పులుపు, తీపి, సుగంధద్రవ్యం, నీరు. ఈ ఐదూ బందరు వర్తకశాల వంటయింటికి ఏ దారిని వచ్చినవో విచారించితే, ఆ పానీయం ఈ తీరానికి ఎంత సహజమైనదో బోధపడుతుంది. పులుపునకు నిమ్మకాయ మన దొడ్డిలోనిది. తీపికి బెల్లం మన పల్లెలది. తెల్లని చక్కెర కావాలంటే వంగదేశంనుండి ఓడలలో వచ్చేది. జాజికాయ, ఇంతకుముందే చెప్పినట్లు, మన బట్టకు మారకంగా తూర్పుదీవులనుండి వచ్చినది. పన్నీరు కావాలంటే పారశీక దేశంతో బందరుకు నిత్యమైన ఓడరాకపోకలు ఉండేవి. నీరు సరేసరి. ఇక మిగిలినది సారా.

సారాకు మూలం తాటిచెట్టు, ఈతచెట్టు. దివిసీమలోను, బందరు పరిసరాలలోను ఇసుకమెరకలమీద తాళ్లు వరుసలు తీరి ఉండటం అందరూ ఎరిగినదే. గీతపనివాడు నడుమున మోకు బిగించి, కత్తి చెక్కి, తెల్లవారకముందే చెట్టెక్కుతాడు. గెలను పలుచగా చెక్కి, క్రింద లొట్టి కట్టుతాడు. రాత్రంతా చుక్కచుక్కగా రసం దానిలో పడుతుంది. లొట్టి లోపల సున్నం పూస్తే ఆ రసం పులియకుండ నిలుస్తుంది. దానినే నీరా అంటారు. కాచితే అదే తాటిబెల్లం. సున్నం లేకపోతే గాలిలోని సూక్ష్మజీవులు వెంటనే పని ప్రారంభిస్తవి. రసంలోని చక్కెర విరిగి మధ్యాహ్నానికి కల్లు అవుతుంది. సాధారణంగా కల్లులో మద్యసారం నూటికి నాలుగైదు పాళ్లు మాత్రమే. ఆ కల్లునో, పులియబెట్టిన బెల్లపుపానకాన్నో బట్టీలో కాచి, ఆవిరిని చల్లార్చి పట్టితే సారా. అరబ్బీ భాషలో చెమటకు అరక్ అని పేరు. బట్టీ గొట్టంనుండి చెమటబొట్లవలె దిగుతుంది కాబట్టి దానికి ఆ పేరు వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఇంగ్లీషువారి అర్రాక్ ఆ అరక్కే.

చెట్టెక్కడం ప్రాణాపాయకరమైన పని. వానకు జారే మొద్దుమీద, ఎనిమిది పది నిలువుల ఎత్తున, ఒక్క మోకు ఆధారంగా నిలువవలెను. పంచ్ గిన్నె చుట్టు కూర్చున్న వర్తకుల పేర్లు అనేకం మనకు తెలుసు. ఆ గిన్నెకు మొదటి వస్తువును ఇచ్చిన గీతపనివాని పేరు, దానిలో నిమ్మకాయ పిండిన వంటవాని పేరు ఏ దస్తావేజులోనూ లేవు. అయినను ఆ పానీయం వారి చేతిలోనే తయారైనదని చెప్పుటకు సందేహించనక్కరలేదు. తెలియని దేశంలో తెలియని వస్తువులను కలుపునప్పుడు ఆ వస్తువుల గుణం తెలిసిన చేయి ఒకటి ప్రక్కన ఉండితీరవలెను గదా.

ఇక పేరు విషయం. పంచ్ అనే మాట పంచ శబ్దంనుండి పుట్టినదని, ఐదు వస్తువులు ఉండుటచేత ఆ పేరు వచ్చినదని లోకంలో ప్రసిద్ధి. దీనికి ఆధారం ఫ్రయర్ అనే ఇంగ్లీషు వైద్యుడు. అతడు 1673లో బందరులో దిగి, తరువాత పడమటితీరంలో చాలకాలం ఉండి, తన యాత్రాగ్రంథాన్ని 1698లో ప్రకటించాడు. హిందూస్థానీలో ఐదుకు గల పేరే ఆ పానీయానికి పేరైనదని అతడు వ్రాశాడు. వినుటకు ఎంతో ముచ్చటగా ఉన్న ఈ వ్యుత్పత్తి మేలిమి బంగారమా, చిలకలపూడి బంగారమా అని పరీక్షించవలసి ఉన్నది. భాషావేత్తలు రెండు ఆక్షేపణలు చెప్పుతున్నారు. మొదటిది ఉచ్చారణకు సంబంధించినది. ఆ కాలపు ఇంగ్లీషులో ఆ మాటను ఇంచుమించు పుంచ్ అని పలికేవారు కాబట్టి పంచకు అది సరిపడదని ఒక వాదం. రెండవది లెక్కకు సంబంధించినది. 1638లో సూరతులో ఉన్న మాండెల్‌స్లో అనే జర్మను యాత్రికుడు ఈ పానీయాన్ని వర్ణిస్తూ సారా, పన్నీరు, నిమ్మరసం, చక్కెర అని నాలుగే వస్తువులను పేర్కొన్నాడు. నావికులు వాడే పెద్ద పీపాకు గల పంచన్ అనే పేరే కుదించుకొని ఇట్లయినదని మరికొందరి ఊహ.

మాట పుట్టుకపై వివాదం ఎట్లున్నను, స్థలంపై వివాదం లేదు. పేరు సంస్కృతంనుండి వచ్చినా, పీపానుండి వచ్చినా, ఆ పేరుగల వస్తువు హిందూదేశపు తీరంలో ఉన్న వర్తకశాలలలో, ఓడలలో రూపుకట్టినదనే విషయాన్ని తొలి సాక్ష్యాలన్నీ బలపరుస్తున్నవి. గిన్నెడు పంచ్ అనే ఇంగ్లీషు మాటను విన్న ఫ్రెంచి యాత్రికులు దానిని బులెపోంజ్ అని వ్రాసుకొన్నారు. వంగదేశంలో ఈ పానీయం ఎంతోమంది ఆరోగ్యాన్ని చెరచుచున్నదని బెర్నియరు అనే ఫ్రెంచి వైద్యుడు హెచ్చరించినాడు.

వారు సారాను ఒంటిగా త్రాగక ఎందుకు కలుపుకొన్నారు? దీనికి బలమైన కారణాలు ఉన్నవి. ఇంగ్లండునుండి పీపాలలో తెచ్చుకొన్న బీరు, ద్రాక్షసారాయం భూమధ్యరేఖ దాటేసరికి ఉష్ణానికి చెడిపోయేవి. చేరిన తరువాత దొరికేది ఇక్కడి సారాయే. అది ఘాటైనది, వాసనగలది. దానిని మింగుడుపడేటట్లు చేయుటకు పులుపు, తీపి అవసరమైనవి. రెండవ కారణం ఆరోగ్యం. నెలల తరబడి ఉప్పుమాంసం, ఎండురొట్టె తిన్న నావికులకు చిగుళ్లు వాచి, పాతగాయాలు మళ్లీ రేగి, మరణం సంభవించేది. 1601లో కంపెనీ మొదటి యాత్రకు నాయకుడైన లాంకాస్టర్ తన ఓడలోనివారికి నిమ్మరసం ఇచ్చి వారిని కాపాడుకొన్నాడు. 1747లో జేమ్స్ లిండ్ అనే నౌకావైద్యుడు ప్రయోగం చేసి నారింజ, నిమ్మపండ్ల గుణాన్ని నిరూపించేవరకు దీనికి శాస్త్రం లేదు. సి విటమిను సంగతి తెలియుటకు ఇరువదవ శతాబ్ది రావలసివచ్చినది. అయినను పంచ్ గిన్నెలోని నిమ్మరసం మేలు చేయుచున్నదని నావికులు అనుభవంతో ఎరుగుదురు. మేలు చేసినది నిమ్మకాయ. కీర్తి మాత్రం సారాకు దక్కినది.

ఈ కీర్తియే అనర్థానికి దారితీసినది. సారా ఉష్ణదేశపు జ్వరాలకు విరుగుడు అనే భ్రమ తెల్లవారిలో బలంగా నాటుకొన్నది. మోతాదు మీరినది. 1670 తరువాతి దశకంలో మద్రాసు కోటకు గవర్నరుగా ఉన్న విలియం లాంగ్‌హార్న్ కాలంలో ఒక కట్టడి చేయవలసివచ్చినది. ఒకసారికి అరపైంటుకు, అనగా ఇంచుమించు పావులీటరుకు మించి సారాగాని బ్రాందీగాని, ఒక క్వార్టుకు మించి ద్రాక్షసారాయంగాని ఎవడును త్రాగరాదు. మీరితే పోసిన గృహస్థుకు ఒక వరహా, త్రాగిన అతిథికి పన్నెండు పణములు జరిమానా. ఆ కాలపు మితమే పావులీటరు సారా అయినప్పుడు, అమితం ఎట్లుండెనో శ్రోతలే ఊహించుకొనవచ్చును. బందరులో నేటికిని డచ్చివారి శ్మశానవాటిక ఉన్నది. కుటుంబచిహ్నాలు చెక్కిన పదునేడవ శతాబ్దపు రాతిఫలకాలు అక్కడ చూడవచ్చును. వారిని బలిగొన్నది జ్వరమో, విరేచనమో, మరి ఏమో గాని, కొలత లేకుండ త్రాగుడని మిత్రునికి ఆశీస్సు పంపిన తరం వారిదే.

ఓడలు తిరిగి వెళ్లినప్పుడు నావికులతో పాటు ఈ అలవాటు కూడ వెళ్లినది. 1662 జనవరి 16వ తేదీన లండను చెంత బ్లాక్‌వాల్ రేవులో ఉన్న హిందూదేశపు ఓడను చూడబోయిన జాన్ ఎవెలిన్ అనే పండితుడు, అక్కడ తమకు పంచ్ వంటి పానీయాలు ఇచ్చినట్లు తన దినచర్యలో వ్రాసుకొన్నాడు. పదునెనిమిదవ శతాబ్దిలో అది ఇంగ్లండులో గృహసంస్కృతిలో ఒక భాగమైనది. చీనా పింగాణి గిన్నె, వెండి గరిటె, చుట్టు మిత్రబృందం. కరీబియను దీవులలో సారాకు బదులు రమ్ము చేరినది. 1847లో ప్రసిద్ధ నవలాకారుడు చార్లెస్ డికెన్సు పంచ్ చేసే విధానాన్ని ఒక ఉత్తరంలో వివరంగా వ్రాసి పంపినాడు. పానీయాన్ని ఇంటి యజమాని స్వయంగా, అతిథుల ఎదుట కలుపుట ఆనాడు మర్యాద.

క్రమంగా మనుష్యులకు తీరిక తగ్గినది. గిన్నె చుట్టు గంటలతరబడి కూర్చునే అవకాశం పోయి, ఒక్కొక్కరికి ఒక్కొక్క గ్లాసు కలిపి ఇచ్చే పద్ధతి వచ్చినది. 1806లో అమెరికాలో న్యూయార్కు రాష్ట్రపు హడ్సన్ పట్టణంలో వెలువడే ఒక పత్రికలో, కాక్‌టెయిల్ అంటే ఏమిటని ఒక పాఠకుడు ప్రశ్నించగా, మద్యం, చక్కెర, నీరు, చేదు మూలికారసం కలిపినదని సంపాదకుడు సమాధానం చెప్పినాడు. 1862లో జెర్రీ థామస్ అనే అమెరికను ప్రకటించిన పానీయాల పుస్తకంలో పెద్దభాగం పంచ్‌లకే చెందినది. నేడు ప్రసిద్ధమైన డైకిరీ వంటి వాటిని విడదీసి చూస్తే రమ్ము, నిమ్మరసం, చక్కెర మిగులుతవి. అనగా గిన్నెలోని పంచ్‌నే గ్లాసంతకు కుదించినారన్నమాట. ఈ విధంగా కృష్ణాతీరపు రేవులో పేరు వినబడిన వస్తువు భూగోళమంతా తిరిగి, వేరు పేరుతో, వేరు వేషంతో మన పట్టణాలకు మరల వచ్చినది.

అయితే కలపడమనే విద్య మనకు కొత్తగాదు. ఇంగ్లీషువారు రాకమునుపు ఎన్నో శతాబ్దులుగా ఇక్కడ పానకం ఉన్నది. ఆయుర్వేదగ్రంథాలు పానకాలను వర్ణించినవి. బౌద్ధుల వినయపిటకం, మధ్యాహ్నం తరువాత భోజనం నిషిద్ధమైన భిక్షువులకు మామిడి, నేరేడు, అరటి, ద్రాక్ష, తేనె మొదలైన ఎనిమిది రకాల పానీయాలను అనుమతించినది. దివిసీమలోని ఘంటసాల ఒకప్పటి గొప్ప బౌద్ధక్షేత్రం, రేవుపట్టణం కూడ. మంగళగిరి నరసింహస్వామి పానకాలస్వామి. భక్తుడు పోసిన పానకంలో సగం స్వీకరించి సగం ప్రసాదంగా విడిచిపెట్టుతాడని జనుల విశ్వాసం. శ్రీరామనవమికి పానకం, వడపప్పు లేని ఇల్లు మనలో లేదు.

ఈ పానకాన్ని పంచ్ ప్రక్కన నిలిపి పోల్చి చూడవలెనని మా మనవి. తీపికి బెల్లం. సుగంధానికి ఏలకులు. ఘాటుకు మిరియాలు, శొంఠి. పులుపునకు నిమ్మరసం. నీరు. ఇక్కడ కూడ ఐదే. పంచ్‌లో ఘాటు సారానుండి వచ్చినది. పానకంలో ఘాటు మిరియంనుండి వచ్చినది. గొంతులో మంట, కడుపులో వెచ్చదనం, నాలుకకు చురుకు — ఇవన్నీ మత్తు లేకుండగనే మన పెద్దలు సాధించినారు. రుచులను తూచి కలుపుటయే రెండింటికి ప్రాణం. ఆ తూకం తెలిసినవారు ఏ ఋతువుకు తగిన పానీయాన్నైనను ఇంట కలుపుకొనగలరు.

కాబట్టి గృహిణులకు ఉపకరించునట్లు ఆ తూకాన్ని వివరించుతాము. పాతకాలపు పంచ్‌లో ఒక పాలు పులుపు ఉంటే తీపి దానికి రెట్టింపు, సారా మూడింతలు, నీరు నాలుగింతలు ఉండటం ఒక ప్రసిద్ధమైన లెక్క. సారాను తీసివేసి, ఆ మూడుపాళ్ల స్థానంలో చెరకురసమో, పండ్లరసమో, పలుచని టీ డికాషనో పోస్తే లెక్క చెడదు. చెరకురసం తియ్యనిది కనుక అప్పుడు చక్కెరను సగానికి తగ్గించవలెను. మరొక రహస్యం నిమ్మతొక్కలో ఉన్నది. నిమ్మకాయ పై పచ్చని పొరను మాత్రం, లోపలి తెల్లని చేదుభాగం రాకుండ, పలుచగా గీచి, చక్కెరతో నలిపి ఒక గంటసేపు మూతపెట్టి ఉంచితే తొక్కలోని సువాసనగల నూనె చక్కెరలోకి దిగుతుంది. ఆ చక్కెరతో చేసిన షర్బతు రుచి వేరు. పూర్వపు పంచ్ నిపుణుల గొప్పతనమంతా ఇందులోనే ఉండెడిది.

చైత్రంలో పానకానికి ఒక లీటరు నీటికి 200 గ్రాముల బెల్లం చాలును. బెల్లం కరగించి, మలినాలు పోవునట్లు పలుచని గుడ్డతో వడకట్టి, అరచెంచా మిరియాలపొడి, పావుచెంచా శొంఠి, నాలుగు ఏలకుల పొడి కలిపి, కొత్త కుండలో రెండు గంటలు ఉంచవలెను. నిమ్మరసం త్రాగేముందే పిండవలెను. ముందుగా పిండితే చేదెక్కుతుంది. వేసవి ముదిరినప్పుడు పచ్చిమామిడికాయను నిప్పులమీద కాల్చి, గుజ్జుతీసి, బెల్లం, వేయించిన జీలకర్ర, కొంచెం ఉప్పు, చల్లని నీరు చేర్చితే వడదెబ్బకు మంచిది. లేత తాటిముంజలను చిన్నముక్కలుగా తరిగి సుగంధిపాల షర్బతులో వేస్తే పిల్లలు ఎంతో ఇష్టపడతారు. తాటిచెట్టు సారా కాకుండ ఇట్లు కూడ మన గ్లాసులోనికి రాగలదు.

వానకాలంలో చల్లని పానీయాలు పనికిరావు. అల్లం దంచి, తులసి ఆకులతో నీటిలో మరగించి, దించి గోరువెచ్చన అయిన తరువాత తేనె, నిమ్మరసం కలుపవలెను. కార్తికంలో ఉసిరిరసం పులుపునకు దివ్యంగా ఉంటుంది. సంక్రాంతికి కొత్త చెరకు వస్తుంది. చెరకురసంలో అల్లపురసం, నారింజరసం, చిటికెడు జాజికాయపొడి కలిపి వెంటనే త్రాగవలెను. నిలువ ఉంటే అది పులియ నారంభిస్తుంది. ఆ జాజికాయ వాసనలో, నాలుగు వందల సంవత్సరాల క్రితం మన అద్దకపు బట్టను మారకం వేసిన వర్తకం జ్ఞాపకానికి వస్తుంది.

ఇంతవరకు చెప్పిన వస్తువులలో నాలుగు ఇంటిని నిలబెట్టినవి. ఐదవది, అనగా సారా, ఎన్నో ఇండ్లను కూల్చినది. దీని చరిత్ర చెప్పక ఈ ప్రసంగాన్ని ముగించుట న్యాయం కాదు. ఇంగ్లీషు పాలనలో సారా, కల్లు ప్రభుత్వానికి గొప్ప ఆదాయమార్గాలైనవి. ఆబ్కారీ పాటలు పెరిగినవి. సహాయనిరాకరణోద్యమకాలంలో ఆంధ్రదేశమంతటా దుకాణాలముందు పికెటింగు జరిగినది. 1937లో మద్రాసు శాసనసభ మద్యనిషేధచట్టం చేయగా, 1948 నాటికి అది రాష్ట్రమంతటా అమలైనది.

ఆ నిషేధంతో చెట్టెక్కేవాని బ్రతుకు చెట్టుక్రిందికి వచ్చినది. తరతరాల వృత్తి నేరమైనది. నిషేధం ఫలించినదా లేదా అని పరిశీలించిన రామమూర్తి సంఘం దానిని ఎత్తివేయమని సలహా ఇచ్చినది. గీతపనివారి ఆందోళన సాగినది. 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశంగారి మంత్రివర్గం ఈ ప్రశ్నమీదనే, ఒక్క ఓటు తేడాతో, శాసనసభలో పడిపోయినది. ఒక చెట్టురసం ఒక రాష్ట్రపు తొలి ప్రభుత్వాన్ని దించినదంటే, అది కేవలం పానీయాల సమస్య కాదని తెలుస్తున్నది గదా. తరువాత కొంతకాలానికి నిషేధం సడలినది, సారా తిరిగి వచ్చినది.

1992లో నెల్లూరుజిల్లా దూబగుంటలో స్త్రీలు సారాదుకాణానికి అడ్డు నిలిచారు. అక్షరాస్యతా తరగతులలో నేర్చిన నాలుగక్షరాలు వారికి ధైర్యాన్ని ఇచ్చినవి. ఉద్యమం జిల్లాలు దాటినది. 1993 అక్టోబరు 1న సారా రాష్ట్రమంతట నిషిద్ధమైనది. గుడివాడ–బందరు ప్రాంతంలోని నిమ్మకూరులో పుట్టిన నందమూరి తారకరామారావుగారు ముఖ్యమంత్రిగా 1995 జనవరిలో సంపూర్ణమద్యనిషేధాన్ని అమలుచేశారు. 1997లో అది సడలినది. నిషేధాలు వచ్చినవి, పోయినవి. కాని ఆ స్త్రీలు అడిగిన ప్రశ్న నిలిచియున్నది. వారు ఆర్థికశాస్త్రం చదివినవారు కారు. కూలిడబ్బు ఇంటికి వచ్చేలోపల ఎక్కడ ఆగిపోతున్నదో లెక్క చూచుకొన్నవారు. 1632 నాటి ఉత్తరంలో కొలత వద్దన్న మాటకు మూడువందల అరువది సంవత్సరాల తరువాత వచ్చిన సమాధానంగా దానిని మేము భావిస్తున్నాము.

ఈ చరిత్రవల్ల రెండు విషయాలు స్పష్టమవుతున్నవి. కలగలుపు పానీయం పరాయివిద్య అని చిన్నబుచ్చుకొనవలసిన పని లేదు. దాని వస్తువులు మనవి, దానిని కలిపిన చేతులు మనవి, తొలిసారి దాని పేరు మోసిన ఉత్తరం చేరినది మన రేవుకే. ఇది ఒకటి. ఆ విద్యలో గొప్పతనం తూకానిది, మత్తుది కాదు. ఇది రెండవది. తూకం తప్పినచోట వర్తకశాలలో శ్మశానం వెలసినది, పల్లెలో పొయ్యి ఆరినది. తూకం నిలిచినచోట శ్రీరామనవమి పందిరిలో పానకమైనది.

ఈ వేసవిలో మీ ఇంట నిమ్మకాయ పిండి, బెల్లం కరగించి, చిటికెడు జాజికాయ చేర్చి పదిమందికి ఒకే పాత్రనుండి పంచిపెట్టండి. పంచ్ అనే పేరు ఏ భాషనుండి వచ్చినదో పండితులు తేల్చుకొందురుగాక. పంచుకొనుట అనే మాట మాత్రం అచ్చమైన తెలుగే.